పట్టాలు ఎవరి చేతిలో: మోక్షగుండం విశ్వేశ్వరయ్య రైలు జీవితం

విశ్వేశ్వరయ్య గారి పేరు చెప్పగానే బడిపిల్లలు ఒక రైలు కథ చెబుతారు. అర్ధరాత్రి పెట్టె నిండా దొరలు, మూలన తలపాగా చుట్టుకున్న ఒక మనిషి, ఉన్నట్టుండి లేచి గొలుసు లాగడం, గార్డు దిగి వెళ్లి చూస్తే ముందు పట్టా విరిగి ఉండటం. చక్రాల చప్పుడు మారడం విని కనిపెట్టాడని చివర్లో తేలుతుంది. కథ చెప్పుకోవడానికి బాగుంటుంది, తరగతిలో పిల్లలు చెవులు రిక్కిస్తారు. అయితే ఆయన రైళ్ల కోసం నిజంగా పడిన పాటు అందులో లేదు. ఆ పని గొలుసు లాగినంత సేపట్లో అయింది కాదు. కొంత ఆయన పదవి దిగాక చేతికొచ్చింది. కొంత ఆయన కన్నుమూశాక గానీ పూర్తికాలేదు.

ఆ పాటేమిటో అర్థం కావాలంటే నగర్తపేటలో నిలబడి చూడటం మంచిది. నగర్తలు వ్యాపారులు, వాళ్ల పేరే ఈ పేటకు పెట్టారు. చుట్టూ ఉన్న పేటలకు సరుకుల పేర్లున్నాయి: బియ్యానికి అక్కిపేట, దూదికి అరళెపేట, రాగులకు రాగిపేట. కన్నడం వచ్చిన మన పిల్లలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ సరుకులన్నీ ఒకప్పుడు ఎద్దుల బళ్ల మీద, గాడిదల మీద వచ్చేవి. బెంగళూరుకు రైలు 1864లోనే వచ్చింది, కానీ ఈ పేటలకు రాలేదు. మద్రాసు రైల్వే కంపెనీ జోలార్‌పేట నుంచి వేసిన బ్రాడ్‌గేజి లైను సైన్యం ఉన్న దండు ప్రాంతంలో, అంటే ఇవాళ్టి కంటోన్మెంట్ స్టేషన్లో ఆగిపోయింది. సిపాయిలకీ దొరల సామానుకీ అది చాలు. పేటలోని వర్తకుడు మాత్రం సరుకు కోసం ఊరి ఆ చివరకు బండి కట్టుకుని పోవాల్సిందే. రైలు రావడం వేరు, అది ఎవరి అవసరం కోసం వచ్చింది అనేది వేరు. విశ్వేశ్వరయ్య గారి రైలు జీవితమంతా ఈ రెండో సంగతి చుట్టూనే తిరిగింది.

రైలు వచ్చేనాటికి ఆయన ఇంకా పసివాడు. పుట్టిన తేదీ సెప్టెంబర్ 15 అనడంలో పేచీ లేదు. ఏడాది 1861 అని ఎక్కువ పుస్తకాలు రాస్తాయి. 1860 లెక్కన 1960లోనే శతజయంతి స్టాంపు వచ్చింది. ఊరు చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళి. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ. ఇంటిపేరులోని మోక్షగుండం ప్రకాశం సీమలో, బేస్తవారిపేట దగ్గర ఉన్న ఊరు. అక్కణ్ణుంచి పెద్దలు ఏనాడో మైసూరు సీమకు తరలివచ్చారు. ఆ ఊరికి కంభం చెరువు ఎంతో దూరం కాదు. వందల ఏళ్ల కిందట కొండల మధ్య అడ్డుకట్ట కట్టి నింపిన ఆ చెరువు నీడలోంచి ఒక ఆనకట్టల ఇంజినీరు ఇంటిపేరు రావడం ముచ్చటగా ఉంటుంది. అందులో వారసత్వం వెతకడం మాత్రం అనవసరం. ఆ ఇంట్లో మాట తెలుగు, చుట్టూ మాట కన్నడం. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలకు ఇందులో వింతేమీ కనపడదు.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. చిక్కబళ్ళాపురంలో మొదలైన చదువు బెంగళూరు వెస్లియన్ మిషన్ హైస్కూల్లోనూ, ఆ తర్వాత సెంట్రల్ కాలేజీలోనూ సాగింది. ఫీజులకు చాలక ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి ఆ డబ్బుతో చదువుకున్నారు. బెంగళూరులో ఆయన కుర్రవాడుగా ఉన్న ఆ రోజుల్లోనే, 1876 నుంచి 1878 దాకా, మైసూరు రాజ్యాన్ని మహాకరువు పట్టింది. 1871 జనాభా లెక్కల్లో 50 లక్షలకు పైగా ఉన్న జనం 1881 నాటికి 42 లక్షల లోపుకు పడిపోయారు. మద్రాసు నుంచి ధాన్యం రైల్లో బెంగళూరు దాకా రాగలిగింది. అక్కడినుంచి ఊళ్లకు చేర్చాలంటే బళ్లు కావాలి, బళ్లకు ఎద్దులు కావాలి, ఎద్దులేమో మేత లేక చచ్చిపోతున్నాయి. స్టేషన్లో ధాన్యం ఉన్నా ఊళ్లో ఆకలి ఆగలేదు.

బెంగళూరు నుంచి మైసూరుకు మీటర్‌గేజి లైను ఆ కరువులోంచి పుట్టింది. కరువు పనిగా జనం చేత కట్టలు పోయించారు. 1881లో రైలు చన్నపట్న చేరింది, 1882 ఫిబ్రవరిలో మైసూరు చేరింది. మొత్తం 86 మైళ్లు. పేటకు దగ్గరగా సిటీ స్టేషన్ వెలిసింది ఈ లైనుతోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే, అంటే 1881లో, బ్రిటిష్ కమిషనర్ల పాలన ముగిసి రాజ్యం తిరిగి ఒడెయర్ల చేతికి వచ్చింది. దివాన్ రంగాచార్లు కరువు అప్పులు నెత్తిన పెట్టుకునే రైలు పని ముందుకు నడిపించారు. తుమకూరు వైపు కూడా లైను మొదలైంది. కాని అప్పు పెరిగింది. ఆయన తర్వాత దివాన్ అయిన శేషాద్రి అయ్యర్ కాలంలో, 1886లో, లైన్లు సదరన్ మరాఠా రైల్వే కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. కంపెనీ లండన్‌లో పుట్టింది. మైసూరు పేరు మీద అక్కడే 12 లక్షల పౌండ్లు అప్పు తెచ్చింది, మైసూరు ఖజానా వడ్డీకి హామీ ఇచ్చింది. నేల మైసూరుది, కూలి మైసూరు రైతుది, వడ్డీ మైసూరుది. రైళ్లు నడిపేది మాత్రం కంపెనీ.

చేతులు మారడంలో నష్టమేమిటని పిల్లలు అడగవచ్చు, రైలు నడుస్తూనే ఉంది కదా. నష్టమంతా రేట్లలో ఉంటుంది. కంపెనీలు రేవు పట్టణానికి పోయే ముడిసరుక్కీ, రేవు నుంచి వచ్చే విదేశీ సరుక్కీ కిరాయి తక్కువ పెట్టేవి. దేశం లోపల ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరుకు పంపాలంటే మైలుకు ఎక్కువ పడేది. అలాంటప్పుడు నగర్తపేట వర్తకుడికి సీమ నుంచి దిగిన సామాను అమ్మడమే గిట్టుబాటు, పక్క జిల్లాలో నేసిందీ చేసిందీ తెప్పించుకోవడం నష్టం. ఏ రైలు ఎక్కడ ఎంతసేపు ఆగాలో, ఏ ఊరికి లైను పడాలో, ఏ ఊరు ఎదురుచూస్తూ ఉండిపోవాలో కూడా నడిపేవాడే తేలుస్తాడు. ఆ మాటకొస్తే ముఖ్య లైన్లలో పట్టాల కింది నేల మీద న్యాయాధికారం కూడా సంస్థానానికి ఉండేది కాదు. స్టేషన్లో దొంగతనం జరిగితే అది బ్రిటిష్ కోర్టు వ్యవహారం.

ఇదంతా జరుగుతున్నప్పుడు విశ్వేశ్వరయ్య గారు ఈ రాజ్యంలో లేరు. బి.ఏ. పూర్తయ్యాక మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పూణే సైన్స్ కాలేజీకి ఇంజినీరింగ్ చదవడానికి వెళ్లారు. అప్పటికి బెంగళూరు నుంచి పూణేకి పట్టాలు ఎలా ఉన్నాయో పటం తీసి పిల్లలకు చూపిస్తే బాగుంటుంది. తూర్పుగా జోలార్‌పేట, అక్కడినుంచి అరక్కోణం, మళ్లీ వాయవ్యంగా కడప, గుత్తి, ఆదోని, రాయచూరు మీదుగా. ఉత్తరానికి పోవడానికి ముందు తూర్పుకు పోవాలి! లైన్లన్నీ మద్రాసు రేవును చూసి వేసినవి, బెంగళూరును చూసి కాదు. 1883లో ఆయన ఆ కాలేజీ నుంచి మొదటి స్థానంలో బయటికి వచ్చి జేమ్స్ బర్క్లీ బహుమతి అందుకున్నారు. ఆ బర్క్లీ బొంబాయి–ఠాణే మధ్య దేశంలో మొదటి ప్రయాణికుల రైలు దారి వేసిన ఇంజినీరు. ఇంజినీరింగ్ జీవితం ఒక రైలు మనిషి పేరుతోనే మొదలైందన్నమాట.

ఆ తర్వాత పాతికేళ్లు బొంబాయి ప్రభుత్వంలో నీళ్ల పనులే: సుక్కూరు పట్టణానికి తాగునీరు, పూణే దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి నీరు పెరిగితే వాటంతట అవే తెరుచుకునే గేట్లు, కాలువ కింద పొలాలకు వంతులవారీ పద్ధతి. ఆ పాతికేళ్లూ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచితే నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిపించుకుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచనల ఫలితం. నిజాం రాజ్యంలోనూ రైలు కథ మైసూరు లాంటిదే. హామీ సంస్థానానిది, నడిపేది లండన్ కంపెనీ. అక్కడ ప్రభుత్వం రైల్వేను కొనుక్కోవడానికి 1930 దాకా పట్టింది.

ఈలోగా మైసూరులో లైన్లు పెరిగాయి. 1889లో హరిహర చేరాయి. 1890ల మొదట్లో హిందూపురం, గుంతకల్ వైపు దారి పడింది, దాంతో రాయలసీమ తెలుగు జిల్లాలకూ బెంగళూరు పేటలకూ నేరుగా రైలు బంధం ఏర్పడింది. నంజనగూడు, కోలారు బంగారు గనులు, శివమొగ్గ ఒక్కొక్కటే చేరాయి. ఇటు బెజవాడ నుంచి గుంతకల్ మీదుగా గోవా వైపు పోయే మీటర్‌గేజి దారిని కూడా సదరన్ మరాఠా కంపెనీయే నడిపింది. అంటే మోక్షగుండం వారి పాత ఊరి పక్కనా, కొత్త ఊరి రాజ్యంలోనా రైలుకు యజమాని ఒక్కడే. పట్టాలు సరుకుతో పాటు రోగాన్నీ మోశాయి. 1898లో హుబ్లీ వైపు నుంచి ప్లేగు రైల్లోనే బెంగళూరుకు వచ్చింది. ఇరుకు పేటలు దాదాపు ఖాళీ అయ్యాయి. ఆ దెబ్బకే మల్లేశ్వరం, బసవనగుడి లేచాయి. నగర్తపేటలో పాతకాపుల బంధువర్గం చాలామంది ఆ రెండు పేటల్లో ఎందుకుంటారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

1909 నవంబర్లో విశ్వేశ్వరయ్య గారు మైసూరుకు చీఫ్ ఇంజినీరుగా వచ్చారు. అందరూ కన్నంబాడి ఆనకట్ట గురించే చెబుతారు, చెప్పాల్సిందే. కాని ఆయన చేతిలో రైల్వే కార్యదర్శి పని కూడా ఉందన్న సంగతి మరుగున పడిపోతుంది. అప్పటికి సదరన్ మరాఠా కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసి 1908లో ఎం.అండ్ ఎస్.ఎం. అనే ఇంకా పెద్ద కంపెనీ అయి కూర్చుంది. ఆయన రెండు దారులు పట్టారు. కంపెనీ చేతిలో ఉన్న పాత లైన్లను వెనక్కి తెచ్చుకోవడానికి ఉత్తరాలు, చర్చలు, ఒత్తిడి. అది ఎంతకాలం పడుతుందో తెలియదు కాబట్టి కొత్త లైన్లను మాత్రం రాజ్యమే సొంతంగా వేసుకుని సొంతంగా నడపడం. రైలు నడపడం కంపెనీలకే చేతనవుతుందన్న నమ్మకాన్ని వాదనతో కాక పనితో తీసెయ్యాలన్నది లెక్క. నా దృష్టిలో ఆయన తెలివంతా ఈ రెండో దారిలోనే ఉంది.

1912 నవంబర్లో దివాన్ అయ్యాక పని ఊపందుకుంది. మైసూరు నుంచి కృష్ణరాజనగర, హొళెనరసీపుర, హాసన్ మీదుగా అరసీకెరెకు మీటర్‌గేజి లైను 1918 నాటికి పూర్తయింది. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తూ ఇంగ్లండు నుంచి పట్టాలూ ఇంజన్లూ రావడం గగనమైన రోజులవి. తరీకెరె నుంచి నరసింహరాజపురకు అడవిలో రెండడుగుల వెడల్పు బుల్లి లైను పడింది.

మనకు దగ్గరిది కోలారు లైను. బౌరింగ్‌పేట అని అప్పుడు పిలిచే బంగారపేట నుంచి కోలారుకు 1913లో నేరోగేజి రైలు మొదలైంది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. అది శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం చేరింది. అటువైపు నుంచి బెంగళూరు చిక్కబళ్ళాపూర్ లైట్ రైల్వే కంపెనీ పేరున యలహంక, దేవనహళ్ళి, నంది మీదుగా ఇంకో ముక్క వచ్చి కలిసింది. ఇరుకు పట్టాలు ఎందుకంటే ఖర్చు తక్కువ. వంపులు తిప్పుకోవచ్చు, వంతెనలు చిన్నవి చాలు, ఇంజను తేలిక. వేగం ఉండదు. బ్రాడ్‌గేజి స్టేషన్లో సరుకు దించి మళ్లీ ఎక్కించాలి. ఆ లోపం ఆయనకు తెలియనిది కాదు, కాని బ్రాడ్‌గేజి కోసం కాచుకుంటే చింతామణికి ఏనాటికీ రైలు రాదన్న సంగతీ తెలుసు.

ఆ స్టేషన్ల పేర్లు ఇంకోసారి చదవండి. శిడ్లఘట్ట పట్టు, చింతామణి సంత, చిక్కబళ్ళాపురం కూరగాయలు. ఒక వాక్యం తెలుగులో మొదలై కన్నడంలో ముగిసే ఊళ్లు ఇవన్నీ. అక్కడి రైతుకూ, బెంగళూరు పేటలో దుకాణం పెట్టుకున్న అతని మేనల్లుడికీ మధ్య ఒకరోజు ప్రయాణం ఈ పట్టాలతో పూటకు తగ్గింది. సొంత జిల్లాకు దివాన్ గారు పక్షపాతం చూపారని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. లైను పడిన ఊళ్లు మాత్రం అంతకుముందు ఏ కంపెనీ లెక్కల్లోనూ లేనివి.

ఆయన అనుకున్నవన్నీ జరగలేదు. మైసూరుకు సముద్రం లేదు, ఎగుమతికి ఎప్పుడూ మద్రాసు దయ మీదో మర్మగోవా దయ మీదో ఉండాలి. పడమటి తీరంలో భట్కల్ దగ్గర రేవు కట్టి, అక్కడికి లైను వేయాలని ఆయన గట్టిగా పట్టుబట్టారు. కాని ఆ తీరం బొంబాయి రాష్ట్రంలో ఉంది. కావలసిన అనుమతులు రాలేదు, రేవు కలగానే ఉండిపోయింది. హాసన్ నుంచి మంగళూరుకు కనుమలు దాటి రైలు పోయింది 1979లో.

ఆయన్ను కేవలం మంచి ఇంజినీరుగానే చెప్పి ఊరుకోవడం ఉపాధ్యాయులకు తగదు. చదువుకోని పల్లెకు రైలు వేయడంలో ఉన్న తొందర, చదువుకు దూరంగా ఉంచిన కులాలకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వడంలో ఆయనకు లేదు. బ్రాహ్మణేతరులకు ఉద్యోగాల్లో చోటు గురించి మహారాజు మిల్లర్ కమిటీ వేయడం ఆయనకు నచ్చలేదు. సమర్థత తగ్గుతుందన్నది ఆయన వాదన. 1918 చివర్లో పదవి వదిలి వెళ్లిపోయారు. ఆ విషయంలో కాలం మహారాజు వైపే నిలిచింది. ఇదే మనిషి 1913లో ప్రాథమిక విద్యను నిర్బంధం చేసే చట్టం తెచ్చారు, 1916లో విశ్వవిద్యాలయం పెట్టించారు, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు పుట్టుకకు అండగా నిలిచారు. ఈ నాలుగు సంగతులూ కలిపి చెబితేనే పిల్లలకు ఆయన మనిషిగా కనిపిస్తారు.

ఆయన దిగిపోయిన మరుసటి ఏడాది, 1919లో, కంపెనీ చేతిలోంచి బెంగళూరు–మైసూరు, నంజనగూడు, బీరూరు–శివమొగ్గ లైన్లు మైసూరు ప్రభుత్వానికి తిరిగి వచ్చాయి. అప్పగించిన ముప్పైమూడేళ్లకు. హరిహర, హిందూపురం లైన్లు ఇంకా ఆలస్యంగా, 1938లో వచ్చాయి. శివమొగ్గ లైను చేతికి రావడం వల్ల కలిగిన లాభం భద్రావతిలో కనిపిస్తుంది. 1923లో అక్కడ ఇనుము కరిగించడం మొదలైంది. నష్టాల్లో ఉన్న ఆ కర్మాగారం బాధ్యతను విశ్వేశ్వరయ్య గారే నెత్తినేసుకుని నిలబెట్టారు. ఖనిజం, బొగ్గు, తయారైన ఇనుము అన్నీ పట్టాల మీదే నడవాలి. కిరాయి నిర్ణయించే చెయ్యి వేరే ఊళ్లో ఉంటే అలాంటి కర్మాగారం ఎన్నాళ్లు నిలుస్తుందో ఆలోచించండి.

తొంభై దాటిన వయసులో ఆయన చేసిన చివరి పెద్ద పనుల్లో ఒకటి కూడా రైలుదే. బీహార్లో మొకామా దగ్గర గంగ మీద రైలూ రోడ్డూ కలిసి పోయే వంతెన ఎక్కడ కట్టాలన్నది తేల్చడానికి ఆయన సలహా తీసుకున్నారు. 1959లో అది రాజేంద్ర సేతు పేరుతో తెరుచుకుంది. భారతరత్న అంతకు ముందే, 1955లో, వచ్చింది. 1962 ఏప్రిల్లో బెంగళూరులో కన్నుమూశారు.

ఆయన బతికుండగానే పట్టాలు మరోసారి చేతులు మారాయి. స్వాతంత్ర్యం తర్వాత 1950లో మైసూరు రైల్వే కేంద్రం కిందికి పోయింది, 1951 ఏప్రిల్ 14న ఎం.అండ్ ఎస్.ఎం., సౌత్ ఇండియన్ రైల్వేలతో కలిపి సదరన్ రైల్వే చేశారు. కేంద్ర కార్యాలయం మద్రాసు. విదేశీ కంపెనీ పోయి మన ప్రభుత్వమే వచ్చింది, అది చిన్న మార్పు కాదు. అయినా చింతామణి బండికి ఎన్ని పెట్టెలు కావాలో తేల్చేవాళ్లు మళ్లీ దూరమయ్యారు. బస్సులు పెరిగాయి, ఇరుకు పట్టాల మీద బండి నత్తనడక నడిచింది. బంగారపేట–కోలారు మధ్య బ్రాడ్‌గేజి 1997లో పడింది, కోలారు నుంచి చిక్కబళ్ళాపురం దాకా 2013లో గానీ పూర్తికాలేదు. హుబ్లీ కేంద్రంగా నైరుతి రైల్వే 2003లో ఏర్పడింది. బయ్యప్పనహళ్ళిలో సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్ నుంచి 2022 జూన్లో రైళ్లు మొదలయ్యాయి.

సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లాలనుకునే బడులకు ఒక చిన్న సూచన. విశ్వేశ్వరయ్య గారి ఇల్లూ, సమాధీ ముద్దేనహళ్ళిలో ఉన్నాయి. బస్సులో కాకుండా చిక్కబళ్ళాపురం వైపు పోయే రైల్లో వెళ్లండి, బయల్దేరేముందు వేళలు చూసుకోండి. యలహంక దాటాక దొడ్డజాల, దేవనహళ్ళి, నంది హాల్ట్ లాంటి పాత స్టేషన్లు కిటికీలోంచి కనిపిస్తాయి. మధ్యలో 2021లో తెరిచిన విమానాశ్రయం హాల్ట్ కూడా ఉంది. విమానం దిగినవాళ్లు ఇప్పుడు ఎదురుచూస్తున్నది ఆయన కాలంలో రెండున్నర అడుగుల బండి పోయిన దారిలోనే. పటం దగ్గర పెట్టుకుని, ఏ స్టేషన్ పేరు తెలుగుకు దగ్గరో, ఏది కన్నడానికి దగ్గరో పిల్లల చేత రాయించండి.